ఇసుక మీద నాటిన అడవి

గోల్డెన్ గేట్ పార్కు అనగానే మనవాళ్లలో చాలామంది ఆ ఎర్ర వంతెన పక్కనే ఎక్కడో ఉంటుందనుకుంటారు. వంతెన శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరపు కొసన ఉంది. పార్కేమో ఊరి నడుమ మొదలై పడమట సముద్రం ఒడ్డు దాకా పరుచుకుంది. వయసులోనూ పార్కే పెద్దది. వంతెన తెరిచింది 1937లో, పార్కుకు కొలతలు తీసింది 1870లో. మూడు మైళ్లకు పైగా పొడవు, అర మైలు వెడల్పు, మొత్తం 1,017 ఎకరాలు. న్యూయార్కు సెంట్రల్ పార్కు కంటే 170 ఎకరాలకు పైగా ఎక్కువ. నడిచి చూద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు, కారులో చూద్దామంటే అసలైన రోడ్డు మీదికి కార్లను రానివ్వరు. అందుకని నా మేనకోడలు సెగ్వే టూరుకు టికెట్లు తీసింది.

ఆ అమ్మాయి ఉండేది పార్కును ఆనుకుని దక్షిణాన ఉన్న సన్‌సెట్ పేటలో. పేరులో సూర్యాస్తమయం ఉందే గానీ వేసవిలో అక్కడ సూర్యుడు దిగడం కనిపించే రోజులు తక్కువ. లోపలి లోయల్లో ఎండ కాస్తుంటే అక్కడి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి, దానితోపాటు పొగమంచు దూసుకొస్తాయి. జూలైలో ఫ్రీమాంటులో చెమటలు కక్కిన మన తెలుగువాళ్లు గంట ప్రయాణం చేసి ఇక్కడ కారు దిగి వణుకుతుంటారు. నేను స్వెట్టరు మీద కోటు తగిలించుకునే బయల్దేరాను.

సెగ్వే అంటే రెండు చక్రాల మధ్య ఒక పీట, పీట మీంచి నడుము దాకా లేచిన కర్ర, కర్రకు హ్యాండిల్. బ్రేకు లేదు, యాక్సిలరేటర్ లేదు. ముందుకు ఒరిగితే వెళుతుంది, వెనక్కి ఒరిగితే ఆగుతుంది, ఇంకాస్త ఒరిగితే వెనక్కి నడుస్తుంది. పీటలో దాగిన గైరో సెన్సర్లు మన ఒరుగుబాటును సెకనుకు వందసార్లు కొలిచి, మనం ఎటు పడబోతున్నామో అటే చక్రాలను తిప్పుతాయి. అరచేతిలో కర్రను నిలబెట్టి ఆడే పిల్లవాడు చెయ్యి అటూ ఇటూ జరుపుతాడు చూడండి, ఇదీ అదే పని.

బయల్దేరే ముందు అరగంట పాఠం. శిరస్త్రాణాలు ఇచ్చారు, బరువు అడిగారు. 45 కిలోల లోపు వాళ్లనూ, 118 కిలోలు దాటినవాళ్లనూ ఈ బండి సరిగా మోయలేదట. గైడు యాభై దాటిన మనిషి, ఎండకూ గాలికీ రాటుదేలిన ముఖం. ఒక్కొక్కరినీ పిలిచి, తాను హ్యాండిల్ పట్టుకుని ఎక్కించింది. ఒక కాలు పెట్టాలి, ఆగాలి, రెండో కాలు పెట్టాలి. కర్రను లాగకూడదు. కాళ్లవంక చూడకూడదు.

పీట మీద రెండు కాళ్లూ పడగానే బండి ముందుకూ వెనక్కూ గజగజలాడింది. “బండిలో ఏమీ లేదు, వణుకుతున్నది మీరే,” అంది గైడు. నిజమే. కాలివేళ్లు బిగిస్తే బండి ముందుకు, భయపడి మడమలు నొక్కితే వెనక్కి. మన తడబాటును ఎప్పటికప్పుడు మనకే అప్పజెబుతోంది. “దూరంగా ఆ చెట్టువైపు చూడు మావయ్యా,” అని పక్కనుంచి మేనకోడలు అరిచింది. చెట్టువైపు చూడగానే బండి బుద్ధిగా నిలబడింది. హ్యాండిల్ దగ్గరున్న బుల్లి తెర మీద తాబేలు బొమ్మ వెలుగుతోంది. కొత్తవాళ్లు వేగం పెంచకుండా అదొక కట్టడి. దిగడానికీ పద్ధతుంది. రెండు కాళ్లూ నేల మీద పడేదాకా హ్యాండిల్ వదలకూడదు. వదిలితే బండి తన దారిన తాను పోతుంది.

ఈ బండి కథ కూడా కొంత చెప్పుకోవాలి. డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త 2001 డిసెంబరులో దీన్ని లోకానికి చూపించినప్పుడు నగరాల రూపురేఖలే మారిపోతాయని ఊదరగొట్టారు. ఏడాది తిరిగేసరికి శాన్ ఫ్రాన్సిస్కో నగర ప్రతినిధులు దీన్ని ఫుట్‌పాత్‌ల మీదికి రానివ్వకూడదని తీర్మానించారు. నడిచే ముసలివాళ్లకు, వికలాంగులకు ప్రమాదమన్నారు. కారుకు బదులు కావాల్సిన బండి చివరికి పర్యాటకుల సరదాగా, విమానాశ్రయాల్లో పోలీసుల వాహనంగా మిగిలింది. 2020 జూలైలో తయారీ ఆపేశారు. అదే ఏడాది ఏప్రిల్లో, కోవిడ్ కాలంలో, ఈ పార్కు నడుమనున్న జాన్ ఎఫ్. కెనెడీ డ్రైవ్ తూర్పు భాగం మీద కార్ల రాకపోకలు ఆపేశారు. 2022లో ఓటర్లు ఆ ఏర్పాటును శాశ్వతం చేశారు. సెగ్వే కోరుకున్న కార్లు లేని రోడ్డు దొరికేసరికి సెగ్వే పుట్టడమే ఆగిపోయింది.

ఆ రోడ్డు మీదికే మేం ముందు వెళ్లాం. అప్పటికి తాబేలు బొమ్మ పోయింది. జానెడు ఎత్తున నిలబడి వెళుతుంటే చుట్టూ ఉన్నవాళ్ల తలల మీదుగా అన్నీ కనిపిస్తాయి. స్కేటింగ్ చేసేవాళ్లు, మూడు చక్రాల సైకిళ్ల మీద పిల్లలు, కుక్కల్ని తిప్పేవాళ్లు, రోడ్డు పక్కన పెట్టిన పియానో ముందు కూర్చున్న కుర్రాడు. చక్రాల సన్నని గీమనే శబ్దం తప్ప బండికి వేరే చప్పుడు లేదు. వేగం మరీ పెంచితే హ్యాండిల్ తనంతట తాను వెనక్కి వచ్చి పొట్టకు ఆనుతుంది, చాల్లే అన్నట్టు.

కన్సర్వేటరీ ఆఫ్ ఫ్లవర్స్ దగ్గర ఆగాం. కొయ్య చట్రాలకు తెల్లటి గాజు పలకలు బిగించిన పూలమందిరం, 1879 నాటిది. జేమ్స్ లిక్ అనే సంపన్నుడు తన ఎస్టేట్ కోసం కొన్న గాజుమేడ అది. పెట్టెలు విప్పకముందే ఆయన పోయాడు. ఊరి పెద్దలు కొని పార్కుకు ఇచ్చారు. 1995 తుఫాను గాలికి వేల అద్దాలు పగిలితే బాగుచేసి 2003లో మళ్లీ తెరిచారు. మిగతావాళ్లు అద్దాల వైపు చూస్తుంటే గైడు మమ్మల్ని పక్కనున్న చెట్ల కిందికి పిలిచింది. బూటు మడమతో రాలిన ఆకుల్ని పక్కకు నెట్టింది. నల్లటి మట్టిపొర, దాన్ని గీరితే రెండంగుళాల కింద బూడిద రంగు ఇసుక. చిటికెడు తీసి నా చేతిలో పోసింది. సముద్రపు ఇసుకే, సన్నగా, పొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. “మీరు చూసేదంతా దీని మీదే,” అంది.

పార్కు మొత్తానికి మూలం ఆ చిటికెడు ఇసుక. 1870 నాటికి ఈ భూమిని ‘బయటి నేలలు’ అనేవారు. గాలికి కదిలే దిబ్బలు, అక్కడక్కడా పొదలు. సెంట్రల్ పార్కుకు రూపమిచ్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అంతటివాడే ఈ ఊళ్లో అలాంటి పచ్చని తోట సాధ్యం కాదని తేల్చేశాడు. సర్వే చేసి పని చేపట్టిన విలియం హామండ్ హాల్‌కు అప్పటికి పాతికేళ్లు. ఇసుకను ఆపడమెలాగో తెలియక తలపట్టుకున్న రోజుల్లో, గుర్రం మేతసంచిలోంచి కింద పడిన నానిన బార్లీ గింజలు కొద్దిరోజులకే ఇసుకలో మొలకెత్తాయని చెబుతారు. బార్లీ త్వరగా లేస్తుంది కానీ ఎక్కువకాలం నిలవదు. లూపిన్ అనే పొద ఆలస్యంగా లేస్తుంది కానీ వేళ్లు లోతుకు దించి నిలబడుతుంది. రెంటినీ కలిపి చల్లారు. బార్లీ చాటున లూపిన్ పెరిగింది, లూపిన్ చాటున చెట్లు పెరిగాయి. సముద్రం వైపు ఇసుకగడ్డి నాటారు. ఊరి వీధుల్లో ఊడ్చిన గుర్రపు లద్దె బళ్లకొద్దీ తెచ్చి పోశారు. మన కోస్తాలో ఇసుక నేలల్ని కట్టడి చేయడానికి సరుగుడు తోటలు వేసిన రైతులకు ఈ కష్టం వేరే వివరించక్కర్లేదు.

చెట్లు కూడా ఇక్కడివి కావు. మాంటెరీ పైన్లు, సైప్రస్‌లు కాలిఫోర్నియాలోనే దక్షిణాన వేరే తీరంవి. అడుగడుగునా కనిపించే నీలగిరి చెట్లు ఆస్ట్రేలియావి. తడిసిన వాటి ఆకుల మీదుగా వెళుతుంటే మన జామాయిల్ తోటల ఘాటు ముక్కుకు తగిలింది. దేశదేశాల మొక్కలు ఉన్న బొటానికల్ తోట సంగతి సరేసరి, మామూలు దారి పక్కన కూడా స్థానికంగా పుట్టింది ఏదో వెతుక్కోవాలి.

వీటికి ప్రాణం పోసిన మనిషి జాన్ మెక్లారెన్, స్కాట్లాండు నుంచి వచ్చిన తోటమాలి. 1890లో సూపరింటెండెంటు అయ్యాడు. 1943లో తొంభై ఆరేళ్ల వయసులో చనిపోయేదాకా పదవిలోనే ఉన్నాడు. పార్కులో ‘గడ్డి తొక్కరాదు’ బోర్డు పెట్టనివ్వలేదు. విగ్రహాలంటే ఒళ్లుమంట. ఎవరైనా పెద్దమనిషి విగ్రహం పెట్టించుకుంటే కాదనకుండా ప్రతిష్ఠింపజేసి, దాని చుట్టూ త్వరగా ఎదిగే పొదలు నాటించేవాడట. రోడోడెండ్రాన్ పూల తోటలో ఆయనకూ విగ్రహం ఉంది. గద్దె లేదు, నేల మీదే నిలబడి చేతిలోని పైన్ కాయను చూసుకుంటూ ఉంటాడు. బండి మీదున్న నేను ఆయనకంటే ఎత్తుగా ఉండటం నాకే ఇబ్బందిగా అనిపించింది.

అక్కడి నుంచి మ్యూజిక్ కాన్‌కోర్స్. 1894లో ఇక్కడొక పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. ఊరికి వ్యాపారం కావాలని క్రానికల్ పత్రిక అధిపతి మైఖేల్ డి యంగ్ పట్టుబట్టాడు. తోటలో ఇలాంటి సంతలేమిటని హాల్, మెక్లారెన్ ఇద్దరూ వ్యతిరేకించారు. సంతే గెలిచింది. అప్పుడు తవ్విన పల్లమే ఇప్పటి కచేరీల మైదానం. ఒకవైపు డి యంగ్ పేరు మీదున్న కళాప్రదర్శనశాల, 2005లో రాగి రేకుల ఒంటితో మళ్లీ కట్టారు. కొమ్మల సందుల్లోంచి వెలుగు పడే తీరుగా ఆ రేకులకు చిల్లులు వేశారు. ఎదురుగా 2008లో కట్టిన సైన్స్ అకాడమీ, రెండున్నర ఎకరాల కప్పు మీద మొక్కలే.

ఆ ఎగ్జిబిషన్‌లోని జపాన్ పల్లెను తర్వాత తీర్చిదిద్దినవాడు మకోతో హగివారా. ఎకరాన్ని ఐదెకరాలు చేశాడు, జపాన్ నుంచి మొక్కలు తెప్పించాడు, కుటుంబంతో అక్కడే కాపురమున్నాడు. 1925లో ఆయన పోయాక కుటుంబం నడిపింది. 1942లో యుద్ధం పేరు చెప్పి అమెరికాలోని జపాన్ సంతతివాళ్లను నిర్బంధ శిబిరాలకు తోలినప్పుడు వాళ్ల చేతా ఇల్లు ఖాళీ చేయించారు. తోట పేరులోంచి ‘జపాన్’ను కూడా తీసేశారు. 1952లో పేరు తిరిగొచ్చింది. కుటుంబానికి ఇల్లు తిరిగి రాలేదు. సెగ్వేలు లోపలికి రావు కాబట్టి గేటు దగ్గరే దిగి, అర్ధచంద్రాకారపు కొయ్య వంతెనను దూరం నుంచి చూశాం. లోపల టీ తాగుతున్నవాళ్ల చేతుల్లో ఫార్చూన్ కుకీలు. వాటిని అమెరికాకు అలవాటు చేసినవాళ్లలో హగివారా పేరే ముందు చెబుతారు.

గేటు దగ్గర నిలబడ్డప్పుడు మేనకోడలు మరో కథ చెప్పింది. 1989లో నగర సిబ్బంది ఇదే పార్కులో ఒక చెట్ల గుంపులో పనికిరాని ట్రాఫిక్ అడ్డురాయిని పడేసిపోయారు. నాలుగడుగుల గ్రానైటు, పైన గుండ్రం. కొద్దిరోజులకు దానికి పూలు, పాలు, విభూతి మొదలయ్యాయి. దూరాల నుంచి భక్తులు వచ్చారు. ప్రభుత్వ స్థలంలో గుడి కుదరదని నగరం అంది, పూజలు మొదలుపెట్టిన ఒక కళాకారుడు కోర్టుకెక్కాడు. చివరకు 1994లో రాయిని ఆయన స్టూడియోకి తరలించారు.

“ఎక్కడుంది ఆ స్టూడియో?” అన్నాను.

“మా పేటలోనే ఉండేదట మావయ్యా. శివుడు సన్‌సెట్‌లో అద్దెకు దిగాడన్నమాట. ఇప్పుడున్న అద్దెలు చూస్తే ఆయనైనా కాశీ వెళ్లిపోయి ఉంటాడు.”

ఈ పార్కులో తిరుగుతుంటే నాకు తట్టిందిదే. ఇక్కడ ప్రతిదీ ఎవరో తెచ్చి పెట్టింది. కాబట్టి ఏది ఉండాలి, ఏది పోవాలన్న తగువు ఎప్పటికీ తెగదు. చెట్టును ఉంచారు, మనిషిని పంపేశారు. రాయిని పంపారు, కారును ఆపారు. చివరికి పేర్లకూ స్థిరం లేదు. తర్వాత మేం చుట్టి వచ్చిన చెరువు నూటపాతికేళ్లకు పైగా స్టో లేక్. విలియం స్టో అనే ఆ రాజకీయనాయకుడు శాసనసభలో యూదుల మీద విషం కక్కినవాడని తవ్వి తీసి, 2024లో దాన్ని బ్లూ హెరాన్ లేక్ చేశారు. ఒడ్డున నీలిబూడిద రంగు నారాయణపక్షి ఒకటి ఒంటికాలి మీద నిలబడే ఉంది.

పడమటి వైపు బయల్దేరాక జనం పలచబడ్డారు, చలి పెరిగింది. లాయిడ్ లేక్ ఒడ్డున ఆరు స్తంభాల పాలరాతి ద్వారం, వెనక ఇల్లు లేదు. 1906 భూకంపం, దాని వెంట రేగిన మంటలు నాబ్ హిల్ మీది ఒక ధనికుడి భవనాన్ని బూడిద చేస్తే మిగిలింది ఆ వాకిలి ఒక్కటే. 1909లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టి ‘గతానికి ద్వారాలు’ అని పేరు పెట్టారు. ఆ భూకంపంలో ఇళ్లు పోయిన వేలమంది ఈ పార్కులోనే గుడారాలు వేసుకుని బతికారు. మెక్లారెన్ ఏళ్ల తరబడి పెంచిన మొక్కల్లో ఎన్నో పొయ్యిల్లోకి, పాదాల కిందికి వెళ్లాయి. వాళ్లు వెళ్లాక ఆయన మళ్లీ నాటించాడు.

ఇంకాస్త ముందుకెళితే కంచె వెనక అడవిదున్నలు. అమెరికా మైదానాల్లో కోట్లుగా తిరిగిన బైసన్‌ను పందొమ్మిదో శతాబ్దపు వేటగాళ్లు వెయ్యి లోపుకు తెచ్చారు. అవి పూర్తిగా పోకూడదని 1890ల నుంచి ఇక్కడ మందను పెంచుతున్నారు. ఇప్పటి మందలో కొన్ని 2020లో, పార్కు నూటయాభయ్యో ఏట తెచ్చినవి. కంచె దగ్గరకొచ్చిన ఒక ఆడదున్న వీపు మీంచి చలికాలపు బొచ్చు పేలికలు పేలికలుగా వేలాడుతోంది. మూపురం దగ్గర పాత గోధుమరంగు, పక్కటెముకల దగ్గర కొత్త నల్లని నునుపు. మా బండ్లను ఒకసారి చూసి, మళ్లీ గడ్డిలో ముట్టె పెట్టింది. నడిచొచ్చిన పిల్లల్ని చూసినా అంతే.

చివరిగా గాలిమరలు. ఇంత పచ్చదనానికి నీళ్లెక్కడివన్న ప్రశ్నకు జవాబు అవే. మొదట్లో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర పార్కు నీళ్లు కొనేది, ధర మండిపోయేది. సముద్రపు గాలి ఊరికే వస్తోంది, ఇసుక కింద మంచినీళ్లున్నాయి. 1903లో హాలండ్ పద్ధతిలో ఒక గాలిమర, 1908లో మర్ఫీ అనే బ్యాంకరు ఇచ్చిన డబ్బుతో ఇంకా పెద్దది కట్టారు. మొదటిది గంటకు 30,000 గ్యాలన్లు, అంటే లక్ష లీటర్లకు పైగా తోడి కొండమీది తొట్టెకు పంపేదట. ఏ గాలి ఇసుకను ఎగరేసి తోటను పూడ్చాలని చూసిందో ఆ గాలితోనే తోటకు నీళ్లు తోడించారు. కొన్నేళ్లకే కరెంటు మోటార్లు వచ్చి మరలకు పని పోయింది. ఇప్పుడు వాటి చుట్టూ పూలు నాటి, ఫోటోలు దిగుతున్నారు. టూరు అక్కడితో ముగిసి వెనుదిరిగాం.

సెగ్వే గురించి అడిగేవాళ్లకు నా మాట ఇది. ఇంత పెద్ద పార్కు ఆనుపానులు ఒక్కపూటలో తెలియాలంటే దీన్ని మించింది లేదు. గంట దాటాక అరికాళ్లు మొద్దుబారతాయి, చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోటోలుండవు, మెట్లున్న చోటుకీ తోటల లోపలికీ వెళ్లలేం. మొదటి రోజు బండి మీద చుట్టేసి, నచ్చిన మూడు చోట్లకు మర్నాడు నడిచి వెళ్లండి.

మేం మర్నాటి దాకా ఆగలేదు. ఆ సాయంత్రమే మేనకోడలు నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. పార్కు పడమటి అంచు నుంచి దక్షిణంగా రెండు మైళ్ల పాటు, నిన్నమొన్నటి దాకా కార్లు పరుగెత్తిన నాలుగు వరుసల గ్రేట్ హైవే. 2024 నవంబరులో నగరం ఓటు వేసి కార్లను మాన్పించింది. 2025 ఏప్రిల్లో దాన్ని పార్కుగా తెరిచి, సన్‌సెట్ డ్యూన్స్ అన్నారు. అంటే ఇసుక దిబ్బలు. తారురోడ్డు మీద పిల్లలు సుద్దముక్కలతో బొమ్మలు గీస్తున్నారు. ఒక వరుసలో సగం దాకా ఇసుక పేరుకుని ఉంది. కార్లు తిరిగిన రోజుల్లోనూ ఇసుక ఎత్తిపోయడానికి రోడ్డును తరచూ మూసేవారట.

“ఆఫీసుకు పది నిమిషాలు ఎక్కువ పడుతోంది మావయ్యా, పేటలో సగంమంది తిట్టుకుంటున్నారు,” అంది మేనకోడలు. ఆమెది హెచ్-1బి వీసా, ఓటు లేదు. ఉంటే ఎటు వేసేదానివని అడిగితే, “పొద్దున అడిగితే కార్లకు, సాయంత్రం అడిగితే పార్కుకు,” అంది. నేను తిరిగొచ్చాక, 2025 సెప్టెంబరులో సన్‌సెట్ ఓటర్లు ఈ మార్పును నెత్తికెత్తుకున్న తమ ప్రతినిధిని పదవి నుంచి దించేశారని పత్రికల్లో చదివాను. రోడ్డును మళ్లీ తెరవాలని కొందరు, కుదరదని కొందరు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారట.

నూటయాభై ఏళ్ల కింద ఇసుకను అణచడానికి తోట వేసిన ఊరు ఇప్పుడు ఇసుక పేరుతోనే తోట తెరిచింది. రేపు మనసు మార్చుకోదన్న నమ్మకం లేదు. పందెం కాయమంటే మాత్రం నేను కార్ల వైపూ కాయను, పార్కు వైపూ కాయను. ఇసుక వైపే కాస్తాను.